ముడి నేర్పినవారు

దానవాయిపేట, రాజమండ్రి
జూలై 2

ఏమే అచ్చాయమ్మా,

కవరు చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఈ రోజుల్లో పోస్టులో ఉత్తరం వచ్చిందంటే కోర్టు నోటీసో చావు కబురో అనుకుంటారని తెలిసే, మొదటి వాక్యంలోనే చెప్పేస్తున్నాను.

పోయిన నెల రావులపాలెంలో నిన్ను చూసి వచ్చిన దగ్గర్నుంచీ మా ఇంట్లో నీ మాటే. ఆటో మీంచి అరటి గెలలు ఒక్కొక్కటే జారి రోడ్డు మీద పడుతున్నాయి. జనం ఫోన్లు తీసి వీడియోలు తీస్తున్నారు. ఇంతలో ఎవరో ఒకావిడ కొంగు దోపుకుని, "తాడు కట్టేది ఇలాగేనేంట్రా? మీ అమ్మ జడ ఇంతకంటే గట్టిగా వేసుకుంటది!" అని డ్రైవర్ని కడిగేస్తూ, ఆ బరువంతా నిమిషంలో బిగించి కట్టేసింది. హాస్టల్లో నా పక్క మంచం గొంతు! ఇరవై ఎనిమిదేళ్ళయినా మర్చిపోతానా? నీ బస్సు కదిలిపోతుంటే అడ్రసూ ఫోన్ నంబరూ చేతి మీద రాయించుకున్నాను చూడు, అది ఇప్పుడు నా ప్రాణం మీదకి పనికొచ్చింది.

సంగతేమిటంటే, మా స్కూల్లో స్కౌట్స్ అండ్ గైడ్స్ చూసే డ్రిల్లు టీచరు గారు మేలో రిటైరయ్యారు. బడి తెరిచిన రోజే మా హెడ్మిస్ట్రెస్ సంపూర్ణమ్మ గారు నన్ను పిలిచి ఈలా, స్కార్ఫూ చేతిలో పెట్టారు. "నేను బయాలజీ టీచర్నండీ" అన్నాను. "కప్పని కోసే చేతికి తాడు కట్టడం ఎంతండీ" అన్నారు.

పదహారు మంది ఆడపిల్లలు. డిసెంబరులో వాళ్ళకి పరీక్ష. అందులో ముళ్ళు కట్టడం ఒక భాగం. పుస్తకంలో బొమ్మలు పేగుల్లా ఉన్నాయి. నిజంగా పేగులైతే నాకు అర్థమయ్యేవి. సాధన చేద్దామని డాబా మీద బట్టల తాడు కట్టాను. గాలికి అది ఊడి, మా ఆయన లుంగీ ఎగిరి, కింద సందులో స్కూటరు మీద వెళ్తున్న మా పాస్టరు గారి తలమీద పడింది. ఆదివారం ప్రసంగంలో ఆయన "గట్టి పునాది" గురించి రెండుసార్లు చెప్పి నావైపు చూశారు.

నిన్న ఫోన్ చేస్తే సముద్రపు గాలి హోరు తప్ప ఏమీ వినపడలేదు. నువ్వు "కిందనించి దూర్చు" అన్నావు, నాకు "కిందపడి చచ్చావు" అని వినిపించింది. అందుకే రాస్తున్నాను. నేర్పవే తల్లీ.

నీ
ఆశాజ్యోతి


పల్లిపాలెం, అంతర్వేది
జూలై 11

ఆశా,

నువ్వు మొదటి వాక్యంలో చెప్పినా లాభం లేకపోయింది. పోస్టుమేను "అచ్చాయమ్మ గారండీ, మీకు ఉత్తరమండీ!" అని నాలుగిళ్ళకి వినపడేలా అరిచాడు. నేను కవరు చించేలోపే మా అత్తగారు "ఎవరు పోయారే" అని శోకం మొదలెట్టేసింది. "ఎవరూ పోలేదు, రాజమండ్రిలో టీచరమ్మ బట్టల తాడు తెగింది" అన్నాను. ఆవిడ కాస్త నిరాశ పడింది.

మా అమ్మాయి అశ్విని ఫోనులో వీడియో తీసి పంపిద్దామంది. తీశాం. అందులో నా కుడిచెయ్యి ఎడమచెయ్యిలా కనపడతంది. నువ్వు అది చూసి కడితే పడవలు సముద్రంలోకీ, లుంగీలు పాస్టరు గారి మీదకీ పోతాయి. ముడి కంటితో నేర్చుకునేది కాదే, వేళ్ళతో నేర్చుకునేది. అందుకని కవర్లో మూడు తాళ్ళు పెట్టాను. మొత్తం విప్పెయ్యకు. సగం విప్పు, మళ్ళీ కట్టు. తర్వాత ఇంకొంచెం విప్పు. వెనక్కి నడిస్తే దారి తెలుస్తుంది.

ఎర్ర దారం చుట్టింది మూట ముడి. కుడి కొస ఎడమ దాని మీద వేసి ఒకసారి మెలెయ్యి. రెండోసారి ఎడమది కుడి మీద. రెండుసార్లూ ఒకే చెయ్యి పైన వేశావా, అది పీటముడి. వద్దన్నప్పుడు జారిపోద్ది, విప్పాలన్నప్పుడు పళ్ళు ఊడగొడద్ది. సరిగ్గా వస్తే అరచేతిలో చదునుగా పడుకుంటది. మూటకీ, దెబ్బకి గుడ్డ కట్టడానికీ మంచిది. దాన్ని నమ్మి పడవ కట్టకు.

పచ్చ దారం చుట్టింది మా అన్నం ముడి. వలలో ప్రతి కన్నుకీ ఇదే. లావు తాడుకి సన్న తాడు కలపాలన్నా ఇదే. లావు తాడుని మడిచి పట్టుకో. సన్నదాన్ని ఆ మడతలోంచి పైకి తెచ్చి, రెండు పాయల వెనకనించి తిప్పి, దాని కిందనించే దాన్ని దూర్చి లాగు. మా అత్తగారు మాట్లాడతా మాట్లాడతానే గంటకి మూడొందలు వేస్తది. మాట ఆగదు, చెయ్యీ ఆగదు.

ఏమీ చుట్టనిది నీ బట్టల తాడు కోసం. గుంజ చుట్టూ రెండు చుట్లు తిప్పు. తర్వాత కొసని ఆ తాడు మీదే రెండుసార్లు మెలేసి బిగించు. బరువు మోసేది ముడి కాదు, చుట్టు. నువ్వు చుట్టు వెయ్యకుండా ముడి మీద ముడి వేసి ఉంటావు. చిన్నప్పుడు రిబ్బన్లూ అలాగే కట్టేదానివి.

ఎండు చేపలు కూడా పెడదామనుకున్నాను. పోస్టాఫీసు వాళ్ళ మీద జాలేసి మానేశాను.

అచ్చాయమ్మ


దానవాయిపేట
జూలై 28

అచ్చీ,

నా తాడు నిలిచింది! మూడు రోజులు వాన, ఈదురుగాలి. బట్టలు ఆరలేదు గానీ తాడు మాత్రం కదల్లేదు. మా ఆయన దాన్ని రోజూ ఒకసారి లాగి చూసి ఆఫీసుకి వెళ్తున్నారు.

పిల్లలకి నేర్పాను. నీలాగే సగం విప్పించి, మళ్ళీ కట్టించాను. తబిత అని ఎనిమిదో తరగతి పిల్ల, ఒక్క పూటలో మూడూ పట్టేసి, లంచ్ బెల్లు లోపు క్లాసు బెంచీలన్నిటినీ, మాస్టారి కుర్చీతో సహా, ఒకదానికొకటి కట్టేసింది. లెక్కల మాస్టారు వచ్చి కూర్చోబోతే కుర్చీతో పాటు మొదటి వరసంతా కదిలింది. రూతు అనే పిల్ల నెమ్మది. కానీ ఒకసారి వచ్చిందంటే పోదు. దుర్గాశ్రీకి కుడీ ఎడమా తెలియదు, చేతికి వాచీ పెట్టించాను.

ఆ బెంచీల గొడవకి సంపూర్ణమ్మ గారు వచ్చి అన్నీ చూశారు. తిడతారనుకుంటే, ఒక ముడి పట్టి లాగి, "ఎంత చక్కగా కట్టించారండీ! ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నారు. నేను నవ్వేశాను.

ఇప్పుడు అసలైనది కావాలి. పుస్తకంలో బౌలైన్ అంటారు. మనిషి నడుముకి కట్టి లాగినా బిగుసుకోని ఉచ్చు. నాలుగు రోజులు కుస్తీ పట్టాను. కట్టిన ప్రతిసారీ ఒక కొత్త ముడి వస్తోంది. త్వరగా రాయి.

ఆశ


పల్లిపాలెం
ఆగస్టు 6

ఆశా,

నువ్వడిగిన దానికి మా దగ్గర పేరు లేదు. "ఆ బిగుసుకోని ముడి వెయ్యరా" అంటాం, అంతే. తాడు పంపిస్తున్నాను. ఎలా కట్టాలో మాత్రం పిల్లలకి ఇలా చెప్పు, జన్మలో మర్చిపోరు.

తాడు మధ్యలో చిన్న మెలిక వెయ్యి, కొస వైపు పాయ పైన ఉండాలి. ఆ మెలిక గుమ్మం. గుమ్మం అవతల నిటారుగా నించున్న తాడు అత్తగారు. చేతిలో ఉన్న కొస కోడలు. కోడలు కిందనించి గుమ్మంలోంచి బయటికొచ్చింది. అత్తగారి ఎదర పడకుండా వెనకనించి చుట్టి తిరిగింది. ఏమీ ఎరగనట్టు మళ్ళీ అదే గుమ్మంలోంచి లోపలికి పోయింది. ఇప్పుడు ఇద్దర్నీ రెండు చేతులా పట్టుకుని లాగు. ఎంత లాగినా ఒకరినొకరు వదలరు, ఉచ్చు బిగుసుకోదు.

మా అత్తగారికి చదివి వినిపించాను. "కోడలు వెనకనించి ఎందుకెళ్ళిందట?" అని అడిగింది.

నవ్వులాట పక్కన పెట్టి ఒకటి చెప్తాను. నా పదేళ్ళప్పుడు వరద ఏట్లో ఒక మనిషి కొట్టుకుపోతుంటే మా నాన్న తాడు విసిరాడు. కంగారులో జారుముడి వేసేశాడు. ఆ మనిషి దాన్ని నడుముకి తగిలించుకున్నాడు. లాగే కొద్దీ బిగుసుకుపోయింది. బతికాడు, కానీ పక్కటెముకలు రెండు విరిగాయి. వారం తర్వాత మా నాన్న నన్ను ఇసకలో కూర్చోబెట్టి, కళ్ళకి గుడ్డ కట్టి, ఈ ముడి వచ్చేదాకా లేవనివ్వలేదు. నా చేతికి ఇది అలా వచ్చింది. నీ పిల్లల చేత కూడా కళ్ళు మూసుకునే కట్టించు. ఆపద వచ్చినప్పుడు ఎవరికీ కళ్ళు సరిగ్గా కనపడవు.

ఊరికే అడుగుతున్నా, ఆ పిల్లలకి నా పేరు చెప్పావా?

అచ్చాయమ్మ


దానవాయిపేట
ఆగస్టు 24

అచ్చీ,

ఆలస్యమైంది, కోపం తెచ్చుకోకు. వరద సంగతి నీకు చెప్పాలా! ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజే మా స్కూల్లో గోదావరి మధ్య లంక ఊళ్ళ వాళ్ళకి ఆశ్రయం ఇచ్చారు. మీవైపు నీళ్ళు ఇళ్ళలోకి రాలేదు కదా? పడవ జాగ్రత్త.

మా పిల్లల్ని చూడాల్సింది! వరండాలన్నీ టార్పాలిన్లతో కట్టేశారు. చిరిగిన చోట లోపల చిన్న రాయి పెట్టి, గుడ్డతో సహా చుట్టి, దానికి తాడు కట్టాలని రూతు సొంతంగా కనిపెట్టింది. ఒక ముసలాయనకి కాలు బెణికితే రెండు వెదురు బొంగులకి చీర కట్టి మోసుకొచ్చారు. ఒక మేకని కట్టడానికి దుర్గాశ్రీ బౌలైన్ వేసింది. అత్తగారూ కోడలూ అని గట్టిగా చెప్పుకుంటూ కడుతుంటే, చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వలేక చచ్చారు. మేక కూడా సంతోషంగానే ఉంది.

గైడ్స్ జిల్లా అధికారి వచ్చి చూశారు. పేపరు వాళ్ళూ వచ్చారు. హడావిడిగా ఉంది, మళ్ళీ వివరంగా రాస్తాను.

ఆశ


పల్లిపాలెం
సెప్టెంబరు 15

శ్రీమతి ఆశాజ్యోతి టీచరు గారికి,

నమస్కారాలండి. మేమంతా క్షేమం. మీరూ క్షేమమని పేపర్లో చదివి తెలుసుకున్నాం.

ఎండు చేపలు చుట్టడానికి పాత పేపర్లు తెచ్చుకుంటామండి. మొన్న ఒక కాగితంలో మీ ఫోటో కనపడితే చేపలు చుట్టకుండా పక్కన పెట్టాను. "అత్తాకోడళ్ళ కథతో ముళ్ళ పాఠం" అని పైన పెద్ద అక్షరాలు. కింద మీ మాటలు. "పుస్తకాలు చూసి, నెలల తరబడి సాధన చేసి, పిల్లలకి సులువుగా ఉండాలని ఈ పద్ధతి నేనే రూపొందించాను" అని మీరు వినయంగా చెప్పారట. వినయంగా అన్న మాట నాకు బాగా నచ్చిందండి.

మీకు గుర్తుందో లేదో. తొమ్మిదో తరగతిలో నేను అల్లిన వల సంచీ మీ పేరుతో ఎగ్జిబిషన్లో పెట్టారు. మొదటి బహుమతి వచ్చింది. ఆ ఏడే నేను బడి మానేశాను. అప్పుడు ఆ సంచీ మీ పేరున పెట్టుకోమని నేనే చెప్పాను. ఈసారి నేను చెప్పలేదండి.

ఆ కాగితం ఈ కవర్లో పెడుతున్నాను. ఫైల్లో దాచుకోవడానికి పనికొస్తుంది. ఇకమీదట తాళ్ళు పంపడం కుదరదు. చేపల వేట రోజులు, ఖాళీ ఉండటం లేదు.

ఇట్లు
అచ్చాయమ్మ


దానవాయిపేట
సెప్టెంబరు 20

అచ్చాయమ్మా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. "గారు" అన్న మాట ఇంత గట్టిగా తగులుతుందని నాకు తెలియదు.

నేను నవ్వేశానని జూలైలో రాశాను చూడు, అది అబద్ధం. సంపూర్ణమ్మ గారు ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే "పుస్తకాలు చూసి నేర్చుకున్నానండీ" అన్నాను. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ ఒక్క ముక్క కాపాడుకోవడానికి తర్వాత అందరికీ అదే చెప్పుకుంటూ పోయాను. అధికారికీ చెప్పాను, పేపరు అతనికీ చెప్పాను. నువ్వు అడిగిన ప్రశ్న చదవనట్టు వరద గురించి రెండు పేజీలు రాశాను.

చేపలమ్మే ఆవిడ దగ్గర నేర్చుకున్నానని చెప్పడానికి సిగ్గుపడ్డానా అని నన్ను నేనే అడిగాను. పడ్డాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. నీకు అబద్ధం చెప్పడం ఇక నావల్ల కాదు.

వల సంచీ నాకు గుర్తుంది. బహుమతిగా వచ్చిన స్టీలు గ్లాసు పెళ్ళయ్యే దాకా వాడాను. ఆ గ్లాసు నీది అని ఒక్కసారి కూడా అనిపించలేదు చూడు, అదీ నేను.

క్షమించమని అడగను. చెయ్యాల్సింది చేసి, అప్పుడు రాస్తాను.

ఆశ


దానవాయిపేట
అక్టోబరు 9

అచ్చాయమ్మా,

నీ నుంచి జవాబు లేదు. ఇచ్చి తీరాలని కూడా లేదు. జరిగింది చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

పోయిన సోమవారం అసెంబ్లీలో మైకు అడిగి తీసుకున్నాను. ఐదు వందల మంది పిల్లలు, ముప్పై మంది టీచర్లు. "గైడ్స్‌కి నేను నేర్పిన ముళ్ళు నావి కావు. అంతర్వేది పల్లిపాలెంలో అచ్చాయమ్మ గారు అని నా స్నేహితురాలు ఉన్నారు. చేపలు పడతారు, వలలు అల్లుతారు. ప్రతి తాడూ ఆవిడ కట్టి పంపించారు. అత్తాకోడళ్ళ కథ ఆవిడది. నేను కనిపెట్టానని అందరికీ అబద్ధం చెప్పాను" అన్నాను. ఆ తర్వాత ఏం చెప్పాలో తెలియక "జైహింద్" అనేశాను.

సంపూర్ణమ్మ గారు గదికి పిలిచారు. "మీరు చేసింది తప్పేనండీ. కానీ ఇప్పుడు ఇంతమంది ముందు చెప్పాలా? స్కూలు పరువేం కాను?" అని పావుగంట తిట్టారు. బాలల దినోత్సవానికి జిల్లా ఉత్తమ గైడ్ టీచరుగా నా పేరు పంపించారట. అది వెనక్కి తీసుకోమని నేనే కాగితం రాసి ఇచ్చాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "నేనైతే చెప్పి ఉండేదాన్ని కాదేమోనండీ" అన్నారు. అది మెచ్చుకోలో తిట్టో నాకింకా అర్థం కాలేదు.

పేపరు ఆఫీసుకి కూడా వెళ్ళాను. ఆ అబ్బాయి తల గోక్కుని, "ఇలా ఎవరూ రారండీ, దీన్ని ఏ శీర్షిక కింద వెయ్యాలో" అన్నాడు. మోటారు పంపుల ప్రకటన పక్కన నాలుగు లైన్లు వేశారు. అందులో నీ పేరుంది. ఫోటో లేదు.

అన్నిటికంటే భయపడింది పిల్లల ముఖం చూడటానికి. క్లాసులోకి వెళ్ళాను. తబిత లేచి నించుంది. నన్ను ఏదో అడుగుతుంది, తలవంచుకుని వింటాను అనుకున్నాను. "టీచర్, ఆవిడ ఎప్పుడొస్తారండీ?" అంది.

వాళ్ళు నీకేదో రాస్తారట. నాకు చూపించలేదు.

ఆశ


పల్లిపాలెం
అక్టోబరు 22

ఏమే,

పోస్టుమేను ఈసారి అరవలేదు. సంచీ గుమ్మంలో బోర్లించి "మీరే ఏరుకోండి" అన్నాడు. పదహారు కవర్లు! ప్రతి దాంట్లో ఒక ఉత్తరం, ఒక ముడి. మా వాకిట్లో వరసగా పరిచి, ఆడవాళ్ళందరం కూర్చుని పరీక్ష పెట్టాం. మూడు తప్పు. దుర్గాశ్రీది పీటముడి, ఆ వాచీ తీసేసి చేతికి గాజు వెయ్యి. ఇంకొక పిల్ల కోడల్ని అత్తగారి ముందునించి తిప్పింది. ధైర్యం మెచ్చుకోవాలి గానీ ముడి నిలవదు. మూడోది ఏంటో ఎవరికీ అర్థం కాలేదు. మా అత్తగారు దాన్ని దాచుకుంది.

రెండు ఉత్తరాలకి జవాబు ఇవ్వలేదని అనుకుని ఉంటావు. మా ఆయనకి జ్వరం వచ్చి పది రోజులు పడవ నేనే తిప్పాను. అది ఒక కారణం. రెండోది, కోపం. ఎందుకో ఇప్పుడు చెప్తా.

నీ ఉత్తరాలు వచ్చినప్పుడల్లా నేను రేవులో అందరికీ చదివి వినిపించేదాన్ని. "మన ముళ్ళు రాజమండ్రి బళ్ళో పాఠం చెప్తున్నారు" అని చెప్పుకున్నాను. వల బాగుచేస్తూ చేస్తూ, "అచ్చాయమ్మ టీచరు గారండీ" అని నన్ను ఆట పట్టించేవాళ్ళు. నాకది ఇష్టంగానే ఉండేది. ఆ పేపరు ముక్క నాతో పాటే వాళ్ళూ చూశారు. అశ్విని చదివింది. చదివి, మడిచి, ఏమీ అనకుండా లోపలికెళ్ళిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. అదే నావల్ల కాలేదే. నా కూతురి ముందు నేను గొప్పలు చెప్పుకున్నదాన్ని అయిపోయాను.

ఇప్పుడు ఆ నాలుగు లైన్లూ అశ్వినే కత్తిరించి తలుపుకి అంటించింది. మోటారు పంపు కూడా సగం వచ్చింది. ఉండనియ్యి.

కోపం పోయిందా అంటే, ఉప్పు నీళ్ళలో తడిసిన తాడు ఒక్క ఎండకి ఆరదు. కానీ అసెంబ్లీలో అలా చెప్పడం నాకూ వచ్చేది కాదేమో. "జైహింద్" దగ్గర మాత్రం పొట్టచెక్కలయ్యేలా నవ్వాం.

నన్ను స్కూలుకి రమ్మని పిల్లలు రాశారు. నేను రాలేను. నవ్వకు, బడి గేటంటే నాకు ఇప్పటికీ భయం. సగంలో మానేసిన చోటికి మళ్ళీ ఎలా వెళ్ళను? వాళ్ళనే ఇక్కడికి తీసుకురా. ఇసకలో నేర్పుతాను, పులుసు కూడా పెడతాను. నువ్వు కూడా రావచ్చు.

అచ్చాయమ్మ


దానవాయిపేట
డిసెంబరు 17

అచ్చీ,

పరీక్ష అయిపోయింది! ముందు దాని సంగతి, తర్వాత పోయిన నెల పిల్లలతో నీ దగ్గరికి వచ్చిన రోజు సంగతి.

పరీక్షకి వచ్చినాయన బాగా లావుపాటి మనిషి. మన పిల్లలు వెదురూ తాడుతో కట్టిన మంచం మీద తనే పడుకుని "మొయ్యండి" అన్నారు. ఆరుగురు మోశారు. ఒక్క ముడి జారలేదు. దించాక ఆయన లేచి, నేల మీద కాళ్ళు ఆనించి "అమ్మయ్య" అన్నారు. తబిత కళ్ళు మూసుకుని బౌలైన్ కట్టింది. "చూసి కట్టమ్మా" అన్నారు ఆయన. "వద్దండి, చూస్తే ఆలస్యమవుద్దండి" అంది. వాచీ లేకుండా దుర్గాశ్రీ మూట ముడి సరిగ్గా వేసింది. ఆ క్షణంలో నేను కూర్చున్న కుర్చీలోంచి లేచిపోయాను.

రూతు తప్పింది. ఈల ఊదగానే బిగుసుకుపోయింది. తాడు చేతిలో పట్టుకుని అలాగే నించుంది. అన్నీ వచ్చిన పిల్ల. బస్సులో నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. మార్చిలో మళ్ళీ అవకాశం ఉందట. పదిహేను మంది పాసయ్యారు, కానీ ఆ ఒక్కదాని గురించే నాకు దిగులు.

ఇక ఆ రోజు. నువ్వు పిల్లల్ని ఇసకలో గుండ్రంగా కూర్చోబెట్టి, తడి తాడు వేరు, పొడి తాడు వేరు అని రెండూ వాళ్ళ చేత పట్టిస్తుంటే, నేను దూరంగా పడవ నీడలో కూర్చున్నాను. నాతో ఎక్కువ మాట్లాడలేదు నువ్వు. పరవాలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సంపూర్ణమ్మ గారు, చెప్పానుగా ఆవిడా వస్తానని పట్టుబట్టారని, నాతో ఏమన్నారో తెలుసా? "పదహారు మందిలో ఒక్కరూ దిక్కులు చూడలేదండీ. ముప్పై ఏళ్ళలో నా క్లాసులో ఒక్క రోజు కూడా అలా జరగలేదు" అన్నారు.

ఈ పార్సిల్లో పదహారు లాగ్‌బుక్కులు ఉన్నాయి. ప్రతి గైడ్‌కీ ఒకటి. ఏం నేర్చుకుందో, ఎవరు నేర్పారో అందులో రాస్తారు. ముళ్ళ పేజీలో "నేర్పినవారు" అని ఒక గడి ఉంది. అది ఖాళీగా వదిలేశాను. నీకు ఇష్టమైతేనే సంతకం పెట్టు. లేకపోతే అలాగే పంపించెయ్యి, అది ఎప్పటికీ ఖాళీగానే ఉంటుంది.

ఆశ


పల్లిపాలెం
డిసెంబరు 29

ఆశా,

పుస్తకాలు వచ్చి వారమైంది. మొదటి మూడు రోజులు బీరువా పైన పెట్టి, కింద నించి చూస్తా తిరిగాను. నాలుగో రోజు అశ్విని దించి, పెన్ను చేతికిచ్చి, "అమ్మా, వాళ్ళు సెలవులయ్యాక బడికెళ్ళాలి" అంది.

సబ్బుతో చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. వాకిట్లో చాప వేసి కూర్చున్నాను. చుట్టూ జనం. మా అత్తగారు ఎవరి నీడా పుస్తకం మీద పడనివ్వలేదు. తొమ్మిదో తరగతి తర్వాత నేను సంతకాలు పెట్టింది రేషను కార్డుకీ, పడవ కాగితాలకీ. అవన్నీ ఏదో ఒకటి ఇమ్మని అడుగుతూ పెట్టినవే. ఇలాంటి చోట ఎప్పుడూ పెట్టలేదు.

మొదటి పుస్తకం తబితది. "మ్మ" కింద వత్తు గడి దాటి కిందకి జారిపోయింది. ఆ పిల్లకి నా తరపున చెప్పు, కొట్టేసి మళ్ళీ రాద్దామనుకున్నాను గానీ పుస్తకం పాడవుద్దని వదిలేశాను. ఆరోదానికి చెయ్యి కుదిరింది.

రూతు పుస్తకంలోనూ పెట్టాను. తప్పింది పరీక్ష, నేర్చుకోవడం కాదు. ఆ రోజు ఇసకలో నా పక్కన కూర్చుని, అందరూ తింటుంటే తను మాత్రం తెగిన వల కన్ను ఒకటి నెమ్మదిగా కట్టింది. ఆ వల ఇప్పుడు సముద్రంలో ఉంది. దానికి ఈలలు అలవాటు చెయ్యాలి, అంతే. సంక్రాంతి సెలవుల్లో నాలుగు రోజులు నా దగ్గరికి పంపు. ఇక్కడ మా అత్తగారి కేకల మధ్య కట్టడం నేర్చుకుంటే, ఆ లావుపాటాయన ఈల దానికి కోయిల కూతలా వినపడద్ది.

దాన్ని నువ్వే తీసుకొచ్చి దింపు. దింపి వెంటనే వెళ్ళిపోకు. క్రితంసారి పడవ నీడలో ఒక్కదానివే కూర్చుని ఉంటే నాకు బాగోలేదు.

పుస్తకాలు రేపు రిజిస్టరు పోస్టులో వేస్తున్నాను. అన్నీ అందాక ముందు పదహారోది తెరిచి చూడు. అచ్చం టీచరు సంతకంలా ఉంది.

నీ
అచ్చి